ధర పెంచిన తల్లి

1987. క్లీవ్‌లాండ్‌లో, ఆటగాళ్ల బొమ్మలుండే పాత బేస్‌బాల్ కార్డుల సంత. అరవై దాటిన లొరేన్ ఒక కార్డు మీద వేలు పెట్టింది.

“నలభై డాలర్లు. పోయిన నెల పాతికే,” అన్నాడు కార్డులమ్మే స్టాన్. “ధరలు మండిపోతుంటే ఇప్పుడు కొనడం మొదలుపెట్టారేంటమ్మా?”

“నా ఇష్టం. ఎందుకు మండుతున్నాయట?”

“పిల్లలు దాచుకున్నవన్నీ తల్లులు చెత్తలో పారేశారు. మిగిలిన నాలుగూ బంగారమయ్యాయి.”

“నేనూ పారేశాను. అంటే ధర పెంచింది నేనే. తగ్గించు.”

స్టాన్ పగలబడి నవ్వాడు. “కుదరదమ్మా! మీవాడు ఇప్పటికీ తిడుతున్నాడా?”

“వాడు వియత్నాం యుద్ధం నుంచి తిరిగిరాడని తెలిసిన రోజు పారేశాను.”

స్టాన్ ఆ కార్డు ఊరికే ఆమె చేతిలో పెట్టబోయాడు.

“బేరమాడితే తగ్గనివాడివి, జాలికి తగ్గుతావా? నలభై తీసుకో. వాడి పెట్టెలో మూడొందల కార్డులుండేవి. ఇది మొదటిది.”