మూడో బేరం

మూడో బేరంలో కూడా లెక్క సరిపోతే జగన్నాధం దళారీ అవుతాడు. తప్పితే అంధుల సంఘానికి తిరిగిపోయి పేము కుర్చీలు అల్లుకుంటాడు. సంత పెద్ద చినబాబు నలుగురి ఎదుటా పెట్టిన షరతు అది.

అరవై ఎనిమిదో సంవత్సరం. నరసన్నపేటకు ఆవల ఆ పశువుల సంతలో ధర నోటితో చెప్పేవారు కాదు. అమ్మే రైతు తరఫున దళారీ, ఎదురుగా కొనేవాడు చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పుకునేవారు. పట్టుకున్న వేళ్లను బట్టి వందలు, పదులు. చుట్టూ ఉన్నవాళ్లకు గుడ్డ కదలడమే కనిపించేది.

ఆ గుడ్డ కిందికి కళ్లున్నవాడి చూపు కూడా పోదు. అంధుల సేవాసంఘం నడిపే సుభద్రమ్మకు ఆలోచన అక్కడే పుట్టింది. చూపులేనివాడు అల్లిన కుర్చీని జనం జాలిపడి కొంటారు. ఒకసారి కొంటారు. దళారీ చేతి మీద ఎవరూ జాలిపడరు. పనికొస్తుందనుకుంటే వారం వారం వెతుక్కుంటూ వస్తారు.

జగన్నాధానికి పద్నాలుగో ఏట అమ్మవారు పోసి కళ్లు పోయాయి. అప్పటి నుంచి పన్నెండేళ్లుగా సంఘంలోనే ఉన్నాడు. ఆమె ఒక ముసలి దళారీని బతిమాలి రెండేళ్లు అతనికి పని నేర్పించింది. పళ్లు తడిమి ఎద్దు వయసు చెబుతాడు. నడక విని గిట్టల సంగతి చెబుతాడు. ఇవాళ సంతకు కూడా ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకురాలేదు. చేతికి కర్ర ఇచ్చి, తను పదడుగులు వెనక నడిచింది.

పొద్దుటి నుంచి రెండు బేరాలయ్యాయి. రెండిటిలోనూ దళారీ చెప్పిన ధర, కొన్నవాడు చెప్పిన ధర ఒకటే.

"మూడోదానికి గట్టి సెయ్యి కావాల," అంటూ చినబాబు చుట్టూ చూశాడు. చూపు గణపతిరావు మీద ఆగింది.

గణపతిరావు ఎడ్ల వర్తకుడు. నాలుగు సంతల్లో అతని మాటకు విలువుంది. అప్పటిదాకా జనం వెనక నిలబడి చూస్తున్నాడు. నోట్లో చుట్ట ఎప్పుడో ఆరిపోయింది.

చినబాబు అతన్ని పక్కకు తీసుకుపోయాడు.

"బావా, నువ్వెయ్యాల సెయ్యి. నీ కాడ నెగ్గితే మరింకెవుడూ ఆడికి పేరెట్టడు."

"నాకెందుకు బావా ఈ గోల? ఆడు ఎవుళ్ల తాలూకా?"

"సంఘం తాలూకా. మరెవుళ్లూ లేరంట. నీకేటి నష్టం? ఎద్దులెలాగూ నీకు కావాల కదా."

గణపతిరావు లెక్కేసుకున్నాడు. కాదంటే ఎందుకని అడుగుతారు. గట్టి చెయ్యి అని పేరున్నవాడు చూపులేనివాడి ముందు వెనక్కి తగ్గాడంటే ఆ మాట నాలుగు సంతలూ తిరుగుతుంది. ఔనంటే అరగంటలో తేలిపోతుంది.

"ఒక్క మాట. నా పేరు సెప్పకు. నాను నోరిప్పను. సెయ్యే మాటాడతాది."

"బేరమంటే అదే కదేటి," అన్నాడు చినబాబు. వెళ్లి జగన్నాధం భుజం తట్టాడు. "కొనీవోడొచ్చినాడురా. పేరడక్కు."

"పేరుతో నాకేటి పని బాబూ, యేళ్లుంటే సాలు."

జనం నవ్వారు. తుండు పడింది.

గణపతిరావు చెయ్యి తగలగానే జగన్నాధం వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత పనిలో పడ్డాయి.

గణపతిరావు ఐదు వందల దగ్గర మొదలెట్టాడు. అవతలి చెయ్యి ఎనిమిది అంది. తనకు తెలిసిన మాయలన్నీ చేశాడు. వేలు పట్టీ పట్టనట్టు వదిలాడు. ఒక కణుపు నొక్కి ఇంకో కణుపు మీదికి జారాడు. మధ్యలో విదిలించుకుని లేవబోయాడు. ఆ వేళ్లు మోసపోలేదు, తొందరా పడలేదు. మంచి దళారీ కొనేవాడి అవసరాన్ని అరచేతి చెమటలోనే కనిపెడతాడు. వీడు కనిపెట్టాడు. ఏడు వందల నలభై దగ్గర నిలబెట్టి ఇక కదలనివ్వలేదు. గణపతిరావు ఒప్పుకుని వేళ్లు నొక్కాడు. అంత నిఖార్సైన చెయ్యి పదేళ్లలో అతనికి తగల్లేదు.

అలాంటివాడు ఇకమీద ప్రతి వారం ఇక్కడ కూర్చుంటాడు. ఊరూరి రైతులూ వాడి చుట్టూ చేరతారు. తీరిక దొరికితే ఏ ఊరు, ఎవరి తాలూకా అని అడుగుతారు.

జగన్నాధం తన లెక్క చినబాబు చెవిలో చెప్పాడు. చినబాబు ఇవతలికి వచ్చాడు.

"నీ లెక్కెంత బావా?"

గణపతిరావు గొంతు తగ్గించాడు. "ఆరొందల నలభై."

చినబాబు ముఖం ముడుచుకుంది. "ఒక యేలు తేడా వచ్చీసినాది," అని అందరికీ వినబడేలా చెప్పాడు. "ఒక యేలంటే రైతుకి వంద రూపాయలు. లాభం లేదమ్మా. తీసుకుపోండి."

"ఇంకొక్క బేరం చూడండి బాబూ," అంది సుభద్రమ్మ. "రెండేళ్లు కష్టపడ్డాడు."

"సూసినాం కదమ్మా. మళ్లీ ఈ సంతకి తేకండి."

ఆమె వచ్చి జగన్నాధం చెయ్యి పట్టుకుంది. అతను పట్టుకోనిచ్చాడు.

బండి చాటున నిలబడ్డ గణపతిరావుకు వాళ్లు పోతూ మాట్లాడుకున్నది వినిపించింది.

"నువ్వు లెక్క తప్పవు. నోరెత్తవేం?"

"నానే తప్పినాననుకోండమ్మా."

"అబద్ధమాడింది ఆయన."

"సేతి కాడ ఆడనేదు," అన్నాడు జగన్నాధం. "పోదాం పదండి. పేము నానబెట్టాల."

మర్నాడు మహాలయ అమావాస్యనాడు నువ్వులూ నీళ్లూ వదులుతూ, తండ్రి పేరూ తల్లి పేరూ అయ్యాక పోయినవాళ్లు ఇంకెవరని పురోహితుడు అడిగితే, గణపతిరావు పన్నెండేళ్లుగా చెబుతున్న పేరే చెప్పాడు: తమ్ముడు, జగన్నాధం.