కోత పడని డబ్బు

"ఈ మిషన్ వద్దు బాబూ. ఇంకో చోటికి పోనీ," అంటూ ఆమె మళ్ళీ ఆటో ఎక్కింది.

పీరు ఆటో స్టార్ట్ చేశాడు. పొద్దుట్నుంచీ ఇదే వరస. బెజవాడలో ఏటీఎంలు వీధికొకటి లేస్తున్న రోజులు. ఆమెకు మాత్రం ఒక్కటీ నచ్చడం లేదు.

అద్దంలోంచి వెనక్కి చూశాడు. నేత చీర, నెరిసిన జుట్టు, మెడలో చిన్న సిలువ. గుణదలలో ఎక్కింది. పేరు మార్త అనీ, బెల్జియంలో ఉంటాననీ, మేరీమాత తిరునాళ్ళకి వచ్చాననీ దారిలో తనే చెప్పింది.

"ఆ మిషన్లో డబ్బుల్లేవా అమ్మా?"

"ఉన్నాయి. ఒక్కసారికి కాసినే ఇస్తానంటోంది. తీసినప్పుడల్లా అక్కడ మా బ్యాంకు కోత కోస్తుంది. ఎక్కువిచ్చే మిషన్ అయితే ఒక్క కోతతో పోతుంది."

"విమానంలో వచ్చినవాళ్ళు. ఆ కాస్త కోత మీకొక లెక్కా?"

"లెక్కే," అందామె.

చివరికి బెంజ్ సర్కిల్ దగ్గర మిషన్ ఆమెకు నచ్చింది. డబ్బు సంచిలో పెట్టుకుని తృప్తిగా వచ్చి కూర్చుంది.

"ఇక సూర్యారావుపేట పోనీ. పిల్లల ఆస్పత్రికి."

"మా అమ్మాయిని చూపించేదీ అక్కడేనండి," అన్నాడు పీరు.

"ఏమైంది?"

"గుండెలో చిల్లు. నాలుగడుగులేస్తే రొప్పు. బళ్ళోకి కూడా ఎత్తుకునే తీసుకెళ్తాం. డాక్టరు గారు మంచోరు, సగం ఖర్చు వదిలేస్తానన్నారు. మిగతా సగం కుదిరితే ఆపరేషన్ తేదీ ఇస్తారంట."

"కుదిరిందా?"

"ఇంకా లేదండి."

"పేరేంటి పాపది?"

"అఫ్సా."



ఆస్పత్రి ముందు దిగి, "ఇప్పుడే వస్తా, ఉండు," అని లోపలికి వెళ్ళింది.

ఎంతకీ రాలేదు. పీరుకి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. చూసి చూసి లోపలికి వెళ్ళాడు. బిల్లు కట్టే కౌంటర్ దగ్గర ఆమె గొంతు వినిపించింది.

"కార్డు మీద యూరోల్లో కొట్టావేం నాయనా? రూపాయల్లో కొట్టు."

"రెండూ ఒకటే కదా మేడమ్. యూరోల్లో అయితే మీకెంత పోయిందో వెంటనే తెలిసిపోద్ది," అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

"ఒకటి కాదు. యూరోలంటే మారకం రేటు ఈ మిషన్ వాళ్ళు తమకి నచ్చినట్టు వేసుకుంటారు. రూపాయలంటే మా బ్యాంకు వేస్తుంది. అదే నయం. కొట్టింది రద్దు చెయ్యి."

"రద్దు చేయాలంటే మేనేజర్ గారు రావాలండి. భోజనానికెళ్ళారు."

"రానీ. కూర్చుంటా."

నిజంగానే కూర్చుంది.

ఎవరో చుట్టాల పిల్లాడి బిల్లు కడుతోంది కాబోలు అనుకున్నాడు పీరు. ఇంత పిసినారి మనిషి కూడా ఉంటుందా అనుకుంటూ విసుగ్గా వెళ్ళి ఆటోలో పడుకున్నాడు.

ఆమెను గుణదలలో బస దగ్గర దించేసరికి మధ్యాహ్నం వాలిపోయింది.

"వెయిటింగ్ చాలా అయిందమ్మా," అంటూ అడగాల్సినదానికి రెట్టింపు అడిగాడు. బేరానికి కాచుకుని నిలబడ్డాడు.

ఆమె మారు మాట్లాడకుండా ఇచ్చింది.

"నా మూలంగా నీకు అన్నం వేళ తప్పింది. ముందెళ్ళి తిను," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి భార్య జమాల్ బీకి అంతా చెప్పాడు.

"మిషన్లతో పైసా పైసాకీ పోట్లాడుద్ది. అట్టాంటి పిసినారిని నేనెక్కడా చూళ్ళేదు."

"పిసినారైతే నీకు రెట్టింపెందుకిచ్చుద్ది?" అంది జమాల్ బీ, కంచంలో అన్నం పెడుతూ.

పీరు కంచం ముందుకు లాక్కున్నాడు.

మర్నాడే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ఖర్చు సంగతి చూసుకుంటాం, సోమవారం పాపను తీసుకురండి అన్నారు. డాక్టరు గారే జాలిపడి మిగతా సగం కూడా వదిలేశారనుకున్నారు మొగుడూ పెళ్ళాలు.

ఆపరేషన్ బాగా జరిగింది.

ఇంటికి పంపించే రోజు అఫ్సా వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. రొప్పలేదు. మళ్ళీ నడుస్తానంది. జమాల్ బీ కళ్ళు తుడుచుకుంటూ వెంట నడిచింది.

పీరు లడ్డూల డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్ళాడు.

ఆయన ఒక లడ్డూ తీసుకుని నవ్వాడు. "నా సగం వరకే ఇది. మిగతా సగం సంగతి మేనేజర్ కృపానందం గారినడుగు."

పీరు మేనేజర్ గదికి వెళ్ళి అడిగాడు.

"గుణదల ఆవిడయ్యా, మార్త గారని," అన్నాడు కృపానందం. "బెల్జియంలో నర్సుగా చేసి రిటైరయ్యారు. తన పింఛన్లోదీ, తోటి నర్సులు వేసుకున్నదీ తెచ్చి ఏటా కొంతమంది పిల్లలకి కడతారు. ఆపరేషన్ డబ్బు కార్డు మీద కట్టేస్తారు, తల్లుల భోజనాలకీ బస్సులకీ చేతికిస్తారు."

పీరు డబ్బా బల్ల మీద పెట్టాడు.

"ఆమె ఇప్పుడు గుణదలలోనే ఉన్నారాండీ?"

"పొద్దున్నే గన్నవరంలో విమానం ఎక్కేశారు."

"అయితే మా అఫ్సాకి కట్టింది ఆ నర్సులిచ్చిన డబ్బేనన్నమాట."

"కాదయ్యా. అది వేరే పిల్లలకి ముందే కేటాయించేశాం," అన్నాడు కృపానందం. "బ్యాంకుల కోత తప్పించి ఆవిడ ఏటేటా మిగిల్చింది మా దగ్గర విడిగా ఉంది. అది అఫ్సాకి వాడమని ఆవిడే చెప్పారు. ఆ రోజు నేను భోజనం చేసి వచ్చేదాకా కూర్చుని, యూరోల్లో కొట్టింది రద్దు చేయించి మిగిల్చింది కూడా కలిపితేనే మీ అమ్మాయికి సరిపోయింది."