ఇరవై ఏడు ఎర్ర పట్టీలు

ఆర్లో విడ్మర్ ఆ రోజు అంతమందిలో ఆ మాట అనకపోయి ఉంటే ఈ పాపం జరిగేది కాదని వందోసారి తనకు తాను చెప్పుకుంటూ వెర్లిన్ ఆర్లో ఇంటి నేలమాళిగ మెట్లు దిగాడు.

కింద ఆర్లో పాముల డబ్బాల మూతలు తుడుస్తున్నాడు. గుండె ఆపరేషనై ఆరు వారాలు. దగ్గు వచ్చినప్పుడల్లా చిన్న దిండొకటి రొమ్ముకు అదుముకుంటున్నాడు.

“ఏమోయ్, పెందలాడే వచ్చావే. ఆవిడ పదింటికి కదా వచ్చేది.”

ఆవిడంటే విశ్వవిద్యాలయంలో పాముల మీద పనిచేసే ఆవిడ. కాన్సస్ రాష్ట్రంలో తూర్పున ఎర్ర పాలపాము, పడమట పాలిపోయిన పాలపాము. ఒక ఉపజాతి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందన్నదే అక్కడ పాములు పెంచేవాళ్ల తెగని తగువు. ఆ తగువు తీర్చే పాము ఆర్లో దగ్గరుంది. డ్యాం నీళ్లలో మునగబోయే ముందు ఏడాది, ఆ రెంటి సరిహద్దులోని ఒక గుట్ట మీద సున్నపురాయి పలక ఎత్తితే కింద కనపడిందట. గుట్ట మునిగిపోయింది. అక్కడి పాము లోకంలో ఇక అదొక్కటే. ఈరోజు ఆవిడ దాని నెత్తురు బొట్టు తీసుకుంటుంది. ఆర్లో పేరుతో పుస్తకంలోకి ఎక్కిస్తుంది.



రెండేళ్ల కిందట పాములు పెంచేవాళ్ల సంఘం సమావేశంలో వెర్లిన్ తన పాము ఫొటో పట్టుకెళ్లాడు. మీ పాముకి కవలలా ఉంది చూడండి, ఎర్ర పట్టీలు సరిగ్గా ఇరవై ఏడు, వయసూ దాదాపు అంతే అని సంబరంగా చూపించాడు. ఆర్లో ముప్పై ఏళ్లు బళ్లో సైన్సు చెప్పినవాడు. ఫొటో వంక ఒక్కసారి చూసి మొహం కందగడ్డ చేసుకున్నాడు.

“సంతలో కొన్న పాముకి ఊరూ పేరూ ఉండదు వెర్లిన్. పోలికలుంటే సరిపోదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడివి, ఇరవై ఏడు దాకా లెక్కపెట్టగలిగావు, సంతోషం.”

అందరూ నవ్వారు. ధాన్యం గోదాంలో బస్తాలు మోసేటప్పుడు కూడా ఆ నవ్వు వెర్లిన్‌కి వినిపించేది.

అటువంటి ఆర్లో ఆస్పత్రికి వెళుతూ నేలమాళిగ తాళంచెవి అతనికే ఇచ్చాడు. చెప్పిన రోజున చెప్పినట్టు తిండి పెట్టేవాడు ఇతనొక్కడే అన్నాడట భార్య నోరీన్‌తో. వెర్లిన్ రెండు వారాలు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాడు. మూడో వారం బుద్ధి గడ్డి తింది. తన పామును సంచిలో వేసుకొచ్చాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పట్టీ పట్టీ పోల్చి చూడాలని, ఆర్లో అన్నది తప్పని కనీసం తనకు తాను రుజువు చేసుకోవాలని.

పాలపాములను రెండింటిని ఒక డబ్బాలో ఉంచకూడదు, ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. పెంచేవాళ్లు మొదట నేర్చుకునేదే అది. కానీ ఒక్క నిమిషమే కదా అనుకుని తనదాన్ని ఆర్లో పాము డబ్బాలో వదిలాడు. పట్టీలు చూడ్డానికి కావలసిన కళ్లద్దాలు కోటు జేబులో, కోటు పైన వంటింట్లో. వెళితే నోరీన్ కూర్చోబెట్టింది. మాంసం, చిక్కుడుగింజలు వేసిన వేడి చిల్లీ, దాల్చినచెక్క రొట్టె పెట్టి, ఆస్పత్రి కబుర్లు చెబుతూ కళ్లు తుడుచుకుంది. మధ్యలో లేవలేకపోయాడు. గంటన్నర తరువాత దిగి చూస్తే డబ్బాలో ఒకటే పాము ఉంది. దాని కడుపు ఉబ్బి ఉంది. అది తనది.

దాన్ని అక్కడే వదిలేసి, ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆర్లో ఇంటికొచ్చిన రోజు వెర్లిన్ ఎదురుగానే మూత తీశాడు. మూత తీస్తే చాలు తోక గలగలా ఆడించే పాము, ఆ రోజు కదలలేదు. చలికేమో అన్నాడు వెర్లిన్. ఆర్లో రెండుసార్లు పట్టీలు లెక్కపెట్టి, “ఇరవై ఏడు,” అని మూత పెట్టేశాడు. అప్పటినుంచి అతన్ని ఎప్పుడూ లేనంత మర్యాదగా చూస్తున్నాడు. ప్రతి ఆదివారం భోజనానికి పిలుస్తున్నాడు. పెట్టిన ముద్ద వెర్లిన్‌కి దిగడం లేదు.

ఇక దాచలేకపోయాడు. మెట్టు మీద కూలబడి మొదటినుంచి చివరిదాకా చెప్పేశాడు. ఆర్లో దిండు పట్టుకుని కదలకుండా విన్నాడు.

“ఆవిడతో నేనే చెబుతాను,” అన్నాడు వెర్లిన్. “సంఘంలోంచి తీసేస్తే తీసేయండి. మీ పేరు మీద సంతపాము ఎక్కకూడదు.”

“నాకు మొదటి రోజే తెలుసు. నాది తోక ఆడించేది.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?”

ఆర్లో డబ్బా దగ్గరికి వెళ్లాడు. డబ్బాకి అంటించిన చీటీని గోటితో లేపాడు. గుట్ట పేరు, తేదీ, పలక కింద దొరికిందన్న మాట, అన్నీ అతని గుండ్రటి పంతులు రాతలోనే ఉన్నాయి. దాన్ని రెండుగా చింపి, నాలుగుగా చింపి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“నాదే తప్పయితే మీరు చీటీ చింపడం ఎందుకు?” వెర్లిన్ మెట్టు మీంచి లేచాడు. “పోయిన పాము గుట్టదే కదా.”

పైన తలుపు తెరుచుకుంది. నోరీన్ ఎవరినో లోపలికి రమ్మంటోంది.

“నీది ఎక్కడ కొన్నావు?” నెమ్మదిగా అడిగాడు ఆర్లో.

“విచిటా పాముల సంతలో. చివరి బల్ల దగ్గర, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ముసలాయన. ముప్పై అయిదు డాలర్లు.”

ఆర్లో మెట్లవైపు చూశాడు. తరువాత వెర్లిన్ వైపు చూశాడు.

“నా దగ్గర నలభై తీసుకున్నాడు.”