సున్నం గుంట

డెబ్బై మూడులో చోడవరంలో నాలుగు వాటాల మేడ కట్టి, ఒక్కో వాటా ఒక్కొక్కరికి అమ్మారు. పైవాటా అనంతరామయ్య కొన్నాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మర్నాటి నుంచే నలుగురి ఉమ్మడి పెరటికీ, మెట్లకీ తనే పెత్తందారయ్యాడు.

ఆ ఊరి మాటంటే అతనికి మహా చిన్నచూపు.

“ఏటి, సూడు, ఎల్పోతన్నాను... ఇదీ ఒక తెలుగేనా? మా తెనాలిలో గేదెలు నయం!” అనేవాడు.

భార్య రమామణి వింటోందని కూడా చూసేవాడు కాదు. ఆమె పుట్టింది ఇక్కడే, పక్కనున్న రోలుగుంటలో. పురిట్లోనే తల్లి పోయింది. పదేళ్ళు వచ్చాక మేనమామ తెనాలి తీసుకుపోయాడు.

గృహప్రవేశానికి పుట్టింటివాళ్ళు బట్టలు పెట్టాలి. ఎవరూ రాలేదు. ఆ దిగులు ఆమెకి తీరలేదు.

“రోలుగుంట వైపు కబురు పంపానండీ. ఎవరో ఒకరు వస్తారు,” అంది.

“నీకు పుట్టిల్లెక్కడేడిసింది?” అని నవ్వాడు.

ఓ మధ్యాహ్నం రమామణి వడ్డాది సంతకి వెళ్ళింది. మాసిన చీర, చంకలో మూటతో ఒక ముసల్ది మెట్లెక్కి వచ్చింది.

“గుంటేది బాబూ?”

మేడ కట్టినప్పుడు సున్నం నానేసిన గుంట పెరట్లో అలాగే ఉండిపోతే, అనంతరామయ్యే దగ్గరుండి పూడ్పించాడు. ఇదెవతో కూలిమనిషి, అడుగున మిగిలిన సున్నం కోసం వచ్చిందనుకున్నాడు.

“పూడ్చేశాం.”

ముసల్ది గోడ పట్టుకుంది. “ఎప్పుడు బాబూ?”

“మొన్న గురువారం.”

“ఏటయిందని?”

“ఏమవుతుంది? నిండా నీరు పట్టేసింది. కంపు కొట్టకముందే మనుషుల్ని పెట్టి పూడ్పించాను.”

“నాకొక్క కబురైనా సెప్పకుండానా! ఆకరి సూపు సూసుకుందును కదా బాబూ!”

“గుంట చూడ్డానికి నీకు కబురంపాలా? పీడ వదిలింది. నడు, నడు!”

ముసల్ది గుండెలు బాదుకుంది. అనంతరామయ్యకి ఒళ్ళు మండింది. గుప్పెడు సున్నానికి ఇన్ని శోకాలా? ఈ జనానికి సిగ్గూ శరం లేవు.

“కొత్తింట్లో ఏడుపేమిటి? మీ ఇంటికెళ్ళి ఏడు!”

ఆమె మూట పట్టుకుని తూలుతూ దిగిపోయింది. ఇది పెళ్ళాంతో చెప్పాల్సిన సంగతని కూడా అతనికి తోచలేదు.

కొన్నాళ్ళకి, గుండు చేయించుకున్న మనిషొకడు గుమ్మంలో నిలబడ్డాడు.

“మాయమ్మ కాలం సేసింది బాబూ. రేపు పెద్దకర్మ. మీకు సెప్పడం దరమం అని వచ్చేను.”

“మీ అమ్మ పోతే నాకెందుకయ్యా చెప్పడం? అసలెవరు నువ్వు?”

లోపల్నుంచి రమామణి పరుగున వచ్చింది. “పెదబాబన్నా! నువ్వా?”

అతను దయ్యాన్ని చూసినట్టు వెనక్కి తగ్గాడు. తర్వాత గోడకి ఆనుకుని భోరుమన్నాడు.

“బతికే ఉన్నావేటే సెల్లీ! గుంటని పూడ్చీసేమని ఈ బాబే సెప్పేరంట! నీకెట్టాలని తెచ్చిన సీర అత్తుకుని పడుకుంది. ఆ రోజు నుంచి అమ్మ మెతుకు ముట్టనేదు.”

“గుంటంటే... అది సున్నం...” అనంతరామయ్య పెరటి వైపు చెయ్యి చూపించాడు.

రమామణి అతని మొహం చూడలేదు.

“మా తెలుగులో గుంటంటే ఆడపిల్లండీ. తల్లి లేని నాకు తన పాలిచ్చి బతికించిన ఈ అన్న వాళ్ళమ్మ పైడితల్లి నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, గుంటా అనే పిలిచేది.”