తెర మీద పది అంకెలు

టీవీ బాగుచేయడానికి కంపెనీ నుంచి వచ్చిన వీరేంద్ర, ఇది వారంటీలోకి రాదని తేల్చేశాడు.

మోహనకృష్ణ ఊరుకునే మనిషా? కొని పదకొండు నెలలే అయింది, వారంటీకి ఇంకా నెల ఉంది, క్రికెట్ పెడితే మైదానం అడుగున మరక కనబడుతోంది, ఇది ముమ్మాటికీ తెర లోపమేనని హిందీలో గొంతు పెంచాడు. ఆ గొంతు రాయపూర్ రైల్వే క్వార్టర్లలో నాలుగు వాకిళ్ళవతల దాకా వినబడే ఉంటుంది.

వీరేంద్ర మాత్రం నెమ్మదిగానే చెప్పాడు. లోపం తెరది కాదట, చూసేవాళ్ళదట. కదలని బొమ్మ ఒకే చోట రోజూ గంటల తరబడి వెలిగితే దాని అచ్చు తెరలో దిగిపోతుంది. దానికి కంపెనీ పూచీ లేదు. నమ్మకపోతే ఆ అచ్చేమిటో ఇప్పుడే చూపిస్తాను, తెరంతా బూడిద రంగు పెడితే దాక్కున్నది బయటపడుతుంది అన్నాడు.

గుమ్మంలో టీ కప్పులతో నిలబడ్డ రజనికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ అచ్చేమిటో ఆమెకు తెలుసు. పక్క క్వార్టర్లో ఉండే నర్సు గ్లోరీ చెప్పిన ప్రార్థన చానెల్. ప్రార్థన కోరేవాళ్ళు ఫోన్ చేయమని అడుగున ఒక నెంబరు పొద్దస్తమానం అలాగే ఉంటుంది. బడిలో పాఠాలు చెప్పి వచ్చాక, అత్తగారు గుడికెళ్ళిన ఆ ఒక్క గంటా, సౌండ్ తీసేసి రజని దాన్ని చూస్తుంది. భర్త మోహనకృష్ణ రైలింజను నడుపుతాడు. చూపు మందగిస్తోందని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. గురువారం రైల్వే ఆస్పత్రిలో కంటి పరీక్ష. అందులో తప్పితే ఇంజను మీంచి దింపేస్తారు. ఇంట్లో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేశాక, మిగిలిన దేవుడికి కూడా ఓ మాట చెప్పుకుందామనుకుంది, అంతే.

సోఫాలో అత్తగారు అప్పలనరసమ్మ బిగుసుకుని కూర్చుంది. క్రిస్మస్‌కి గ్లోరీ ఇచ్చిన కేకుని పళ్ళెంతో సహా వెనక్కి పంపిన మనిషి. ఆ దేవుడి పేరు ఈ గడపలో వినబడితే ఆ క్షణమే తిల్దాలో కూతురింటికి పోతానని ఆ రోజే చెప్పేసింది. తల్లి మాట మోహనకృష్ణకి వేదం. సరిగ్గా పరీక్ష ముందు ఇల్లు రెండు ముక్కలైతే ఆ పాపం ఎవరిది? రజని కప్పులు బల్ల మీద దించేసింది.

“దిఖావ్ భాయ్,” అని చూపించమన్నాడు మోహనకృష్ణ. సీరియళ్ళు, క్రికెట్టు, అమ్మ చూసే పూజలు తప్ప ఈ ఇంట్లో మరొకటి నడవదని ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు.

తెర బూడిద రంగుకి మారింది. పైన మూలగా రెక్కలు విప్పిన పావురం. అడుగున, వరసగా, అరచేతి ఎత్తున పది అంకెలు.

మోహనకృష్ణ ముందుకు వంగాడు. కళ్ళు చికిలించాడు. “ఏటది? ఏదో గీతలాగుంది.”

అంత పెద్ద అంకెలు అతనికి గీతలాగున్నాయి. అత్తాకోడళ్ళ చూపులు ఒక్కసారి కలుసుకుని చటుక్కున విడిపోయాయి.

“రజనీ, అదేటో చదువు.”

ఆ నెంబరు ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. “నాకూ సరిగ్గా కనబడటం లేదండీ,” అంది.

వీరేంద్ర నవ్వి తనే అంకెలన్నీ చదివి కాగితం మీద రాసుకున్నాడు. ఇంత లోతుగా దిగాలంటే రోజుకి ఏడెనిమిది గంటలు తక్కువ కాకుండా నడిచి ఉండాలన్నాడు. గంట చూస్తే ఎనిమిదంటాడేమిటని రజనికి ఒళ్ళు మండింది. కానీ తేలు కుట్టిన దొంగ అరవగలడా? అతను తెరను ఫోటో తీశాడు. రిపోర్టులో చానెల్ పేరు కూడా రాయాలట. ఎవరూ ఆ పేరు చెప్పకపోయేసరికి, ఈ నెంబరుకే ఫోన్ చేసి అడిగితే పోలా అని తన ఫోన్‌లో ఒక్కో అంకే నొక్కడం మొదలుపెట్టాడు.

మోకాళ్ళ నొప్పులతో గుడికి తప్ప మంచినీళ్ళకైనా లేవని అప్పలనరసమ్మ దిగ్గున లేచింది. మూడంగల్లో గోడ దగ్గరకెళ్ళి స్విచ్చి కట్టేసింది. తెర నల్లబడింది.

“సాలు. సంతకం పెట్టీసి పంపీరా.”

“అమ్మా, వారంటీ పోతాది.”

“పోతే పోనీ. టీవీయే కదేటి.”

ఆ గొంతు విన్నాక మోహనకృష్ణ సంతకం గీకి, వీరేంద్రను సాగనంపడానికి మెట్లు దిగాడు. కింద మళ్ళీ వాదన మొదలైనట్టు వినబడింది.

“ఇలా రా,” అని అప్పలనరసమ్మ వంటింట్లోకి నడిచింది. రజని వెనకే వెళ్ళింది. ముసలామె తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టింది. తిల్దా బండి ఎన్నింటికో అని రజనికి అనిపించింది.

“నిజం సెప్పు. ఆ నెంబరుకి ఫోన్ సేసేవా?”

“ఒక్కసారే అత్తయ్యా. ఆయన కళ్ళ కోసం.”

“కలిసిందా?”

“కలిసింది. ఆయన పేరు రాసుకున్నారు.”

అప్పలనరసమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏ టయానికి సేసేవే? మూడు నెల్లై, నువ్వు బడికెళ్ళిన కాణ్ణించి వచ్చీదాకా ఆ టీవీ ముందే కూకుని సేస్తన్నాను. నాకెప్పుడూ ఎంగేజే.”