తల పాతిన చోటు

"తీగ లేవలేదేంది బిడ్డా?"

కన్నమ్మ గుంట పక్కన కూలబడి తడిమట్టిని వేళ్లతో కెలికింది. తొలకరి పడి పది రోజులైంది. ఈపాటికి అడవిగడ్డ తీగ మోకాలెత్తు లేవాలి.

లిఖిత నిరుడు యూనివర్సిటీ నుంచి దుమ్ముగూడెం అడవికి వచ్చి, నెలరోజులు కన్నమ్మ ఇంట్లోనే తిని పడుకున్న పిల్ల. విదేశీ యూనివర్సిటీతో కలిసి గడ్డల మీద పరిశోధన అంది. ఎవరికీ చూపని ఈ చోటు కన్నమ్మ ఆమెకే చూపింది. గడ్డ తీసుకుని, తీగ మొలిచే దాని తల ముక్కను మళ్లీ పాతాలని చెప్పి, ఆమె చేతే పాతించింది. ఇవాళ వేరే గడ్డ కోసం వచ్చిన ఆమెను, "నువ్వు పాతింది చూద్దువు రా" అంటూ తనే లాక్కొచ్చింది.

"పందులు తవ్వినయేమో. నువ్వయితే మంచిగనే పాతితివి."

"పందులు కాదవ్వా." లిఖిత తల దించుకుంది. "మర్నాడు నేనే వచ్చి తవ్వుకెళ్లాను. తల లేకపోతే విదేశంలో మొలవదన్నారు మా సారు."

కన్నమ్మ చేతులు మట్టిలోనే ఆగిపోయాయి.

"మా అమ్మ చూపిన గడ్డ. కరువుల మమ్ముల సాకింది."

"చావలేదవ్వా. ఆ దేశంలో గాజుసీసాల్లో పెంచుతున్నారు. సంతకాలన్నీ అయితే నీకూ ఒక మొక్క ఇప్పిస్తాను."

"నా గడ్డ నాకిచ్చేటందుకు సంతకాలా?"

కన్నమ్మ ఖాళీ గుంటను పూడ్చసాగింది. లిఖిత సాయానికి చెయ్యి చాచింది.

"ఉండనియ్యున్రి మేడమ్," అంది కన్నమ్మ. "సీసాలల్ల ఉన్నదానికి వాన పడ్డదని ఎవరన్న చెప్పున్రి."