గుమ్మం మీద అక్షరాలు

ప్రతి శుక్రవారం ఆ ముసలాయన వచ్చి "ఓచోక్" హోటలు ముందు ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చునేవాడు.

తలెత్తి బోర్డుకేసి చూసేవాడు. అరచేతులు చాపి ఏదో చదువుకుని, ఆ చేతులు ముఖానికి రాసుకుని లేచి వెళ్ళిపోయేవాడు.

హోటలు యజమాని ఎస్తెబెస్ మొదట్లో మురిసిపోయాడు. ఎవరో పుణ్యాత్ముడు తన వ్యాపారాన్ని దీవిస్తున్నాడనుకుని, మాంసం కూరిన వేడి సంసాలు కాగితంలో చుట్టి పంపించాడు కూడా. ముసలాయన ఒకటి తీసుకుని తక్కినవి తిప్పి పంపాడు.

ఆ బోర్డు జీపార్ చేతి పని. బిష్కెక్ పట్నంలో అంగళ్ళకీ హోటళ్ళకీ పేర్లు, గుర్తులు గీసిపెట్టి బతుకుతున్న పిల్ల. ఎస్తెబెస్ ఇచ్చిందే ఆమెకి మొదటి పెద్ద పని. ఇది నచ్చితే ఆయన తెరవబోయే హోటళ్ళన్నీ ఆమెవే. నచ్చకపోతే మళ్ళీ పెళ్ళి శుభలేఖలే గతి.

బజారులో దొరికే కంప్యూటర్ అక్షరాలు వద్దని ఎస్తెబెస్ ముందే చెప్పాడు. అవన్నీ మాస్కోలో తయారైనవి, మన భాష అక్షరాలు కొన్ని వాటిలో ఉండనే ఉండవు, దేనికో ఒకదానికి తోక అతికించి సరిపెడతారన్నాడు. పేరు చదవకముందే ఇది మన కొండల తిండి అని తెలియాలన్నాడు.

జీపార్ ఎన్ని పెట్టి చూసిందో లెక్కలేదు. సన్నవి పెడితే సెలూనులా ఉంది. లావువి పెడితే టైర్ల కొట్టులా ఉంది.

చివరికి కారా-జిల్గా ఊరి దారిలో కనబడ్డాయి. కొండవాలున, సమాధి రాళ్ళ మీద.

పాదాలు వెడల్పుగా, నడుము సన్నగా, ఎంత గాలికీ కదలనట్టు నిలబడ్డ అక్షరాలు. పెద్దగా రాస్తేనే వాటి అందం. తిండి పట్టికకి పనికిరావు గానీ, గుమ్మం మీద పేరుకి అంతకన్నా మంచివి లేవు. ఫొటోలు తీసుకొచ్చి, రాళ్ళ మీద లేని అక్షరాలు తనే గీసి కలిపి, మొత్తం వరస తయారు చేసింది.

ఎక్కడివో మాత్రం ఎవరికీ చెప్పలేదు. సమాధుల దగ్గరి గడ్డిపోచ కూడా ఇంటికి తేని జనం. అక్కడి అక్షరాలు తిండి పెట్టేచోట తగిలించానంటే, ఎస్తెబెస్ బోర్డుతో పాటు ఆమెనీ వీధిలో పారేస్తాడు.

ఒక రోజు భోజనానికి వచ్చిన పెద్దమనిషి కిటికీలోంచి ముసలాయన్ని చూసి, అలా మోకాలు వేసి చదివేది సమాధి దగ్గర కదా, మీ హోటల్లో ఎవర్ని పూడ్చారేం అన్నాడు.

అందరూ నవ్వారు. ఎస్తెబెస్ నవ్వలేదు. జీపార్‌ని పిలిచి, సంగతేమిటో కనుక్కోమన్నాడు.

ఆమె తరువాతి శుక్రవారం గుమ్మం దగ్గరే కాచుకుని ఉంది.

"ఏ ఊరు అక్సకాల్ మీది?" అని పెద్దాయన్ని గౌరవంగా పిలిచి అడిగింది.

"కారా-జిల్గా, తల్లీ."

ఆమె ఫొటోలు తీసుకొచ్చిన ఊరే.

"ఈ అక్షరాలు నువ్వు పెట్టినవేనా?" అని అడిగాడు ఆయన.

"కంప్యూటర్లో కొన్నాను. ఎవరికైనా దొరుకుతాయి."

ముసలాయన కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధమని ఆయనకి తెలిసిపోయిందని ఆమెకి అర్థమైంది.

"ఎక్కడివైతేనేం, బాగున్నాయి," అన్నాడు. "ఎన్నాళ్ళుంచుతారు?"

ఆ మాటలో ఆమెకి బెదిరింపే వినబడింది. ఇవాళ ఎన్నాళ్ళంటాడు, రేపు ఊరు ఊరంతా వెంటేసుకొస్తాడు.

ఆ సాయంత్రమే ఎస్తెబెస్ దగ్గరికి వెళ్ళి, ముసలాయనకి కాస్త మతిస్థిమితం లేదనీ, బోర్డు రంగు కూడా వెలిసిపోతోందనీ, తన ఖర్చుతోనే మార్చేస్తాననీ చెప్పింది. మార్చేసింది. పాత బోర్డుని ముక్కలు చేయించి పాత ఇనుము కింద ఇచ్చేసింది. ఆనవాలు మిగలకూడదని ఫొటోలూ, గీసిన అక్షరాలూ అన్నీ చెరిపేసింది.

శుక్రవారం ముసలాయన వచ్చాడు.

కొత్త బోర్డు చూశాడు. మోకాలు వంచలేదు. చాపబోయిన చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. బతికిపోయానురా దేవుడా అనుకుంది జీపార్.

ఆయన మళ్ళీ రాలేదు.

చలికాలం వెళ్ళేసరికి ఎస్తెబెస్‌కి కొత్త బోర్డు మొహం మొత్తింది. వీధిలో అన్ని కొట్ల బోర్డులూ ఇలాగే ఉన్నాయని, రెండో హోటలుకి ఆ పాత అక్షరాలే పెట్టమన్నాడు. చెరిపేశానని చెప్పలేక, మంచు కరగ్గానే జీపార్ మళ్ళీ కారా-జిల్గా వెళ్ళింది.

కొండవాలున ఒక్క రాయి లేదు. పైనుంచి కింద వాగు దాకా ఎండిన బురద, అందులో కూరుకుపోయిన బండలు.

దూడని తోలుకుపోతున్న ఒక పెద్దావిడని ఆపి, ఇక్కడి సమాధులేవని అడిగింది.

కిందటేడు వానలకి కొండ జారి పడిందని చెప్పిందామె. సమాధులన్నీ వాగులో కలిసిపోయాయట. వరదకి అడ్డం గట్టు వేయబోయిన సమార్ అనే కుర్రాడూ అందులోనే పోయాడట. ఈ ఊరి రాళ్ళ మీద అక్షరాలన్నీ చెక్కింది అతనేనట.

అతని సమాధి ఎక్కడని అడిగింది జీపార్.

"శవం దొరికితే కదా తల్లీ సమాధి," అంది పెద్దావిడ. "వాళ్ళ నాన్న కూడా మొన్న చలికాలంలోనే పోయాడు. ఆ దిగులుకి మతి చెడిందేమో పాపం, మా సమార్ సమాధి పట్నంలో ఒక హోటలు గుమ్మం మీద దొరికింది, దువా చేసుకుని వస్తానని వారం వారం బస్సెక్కేవాడు."